ఇది రాజకీయ వేదిక కాదు, కానీ...

ఆ మధ్య మా ఊళ్లో నగల కొట్టు ఒకటి తెరిచారు. హీరోగారు పదింటికల్లా వచ్చేస్తారని మైకు బండి మూడు రోజులు సందు సందూ తిరిగి చెప్పింది. మొదటి రోజు తరుగు తగ్గిస్తారట అని మా ఆవిడ పాత గొలుసొకటి రుమాల్లో మూట కట్టుకుంది. తొమ్మిదిన్నరకే వెళ్లి కూర్చున్నాం. మే నెల ఎండ. హీరోగారు ఒంటిగంటకి వచ్చారు, ముందు కారు పైకప్పులోంచి సగం, తర్వాత పూర్తిగా.

మైకు అందుకుని "ఆయ్!" అన్నారు. ఈలలు. "గోదారోళ్ల మర్యాద" అన్నారు. మళ్లీ ఈలలు. ఆత్రేయపురం పూతరేకు అన్నారు, తాపేశ్వరం కాజా అన్నారు, పొద్దున్నే పులస తిన్నానన్నారు. వరద నీరు రాకుండా మే నెలలో పులసెక్కడిదని ఎవరూ అడగలేదు, అతిథి కదా. అప్పుడు గొంతు సవరించుకున్నారు. కళ్లజోడు తీశారు. "ఇది రాజకీయ వేదిక కాదు, కానీ..." అన్నారు.

ఆ 'కానీ' వెనకాలే పోలవరం వచ్చింది. ప్రత్యేక హోదా వచ్చింది. గత ప్రభుత్వం వచ్చింది, దాన్ని తిట్టాక ఆ ముందు ప్రభుత్వమూ వచ్చింది. వెనకాల గాజు బీరువాల్లో వడ్డాణాలు మెరుస్తున్నాయి, కొట్టు యజమాని మొహం మాత్రం నల్లబడుతోంది. ఆయన కొనుగోలుదారుల్లో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు మరి. నా పక్క కుర్చీలో ఒక మామ్మగారు చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు విన్నారు. చివరికి నా మోచెయ్యి పొడిచి, "తరుగు ఎంత తీస్తారో చెప్పాడా నాయనా?" అన్నారు.

"లేదండీ మామ్మగారూ, ఇంకా స్పిల్‌వే దగ్గరే ఉన్నారు" అన్నాను.

రెండు వాక్యాలను కలిపే మాట 'కానీ' అని చిన్నప్పుడు బళ్లో చెప్పారు. డెల్టాలో పుట్టినవాడికి దాన్ని వింటే కాలవ లాకు గుర్తొస్తుంది. తలుపు దించి ఉన్నంతసేపూ నీళ్లు బుద్ధిమంతురాలైన కోడలిలా ఒక మట్టాన ఉంటాయి. ఎత్తాక చూసుకోవాలి. మన తారల ప్రసంగంలో 'కానీ' ముందున్నదంతా తలుపు దించిన నీరు. అన్నవరం వ్రతంలో అయిదు కథలూ ఇప్పుడు దాదాపు అందరికీ కంఠతా వచ్చినట్టే, ఈ ప్రసంగం కూడా అభిమానులకి కంఠతా వచ్చేసింది. రాజకీయాలు నాకు తెలియవనే ముక్క, నేను కళాకారుణ్ణనే ముక్క, అయినా ఒక పౌరుడిగా అనే ముక్క. ప్రసాదం దగ్గరికొచ్చేసరికి ఎవడో ఒక మంత్రి పేరు పలుకుతారు. జనం ఆ పేరు కోసమే కాసుక్కూర్చుంటారు.

పేరులేని హీరోని ఆడిపోసుకోవడం తేలిక. పేరున్నవాళ్ల సంగతికే వద్దాం. 2025 జనవరి 4న రాజమండ్రి పక్కన వేమగిరిలో 'గేమ్ ఛేంజర్' ప్రీ రిలీజ్ వేడుక జరిగింది. హీరో రామ్‌చరణ్. ముఖ్య అతిథి ఆయన బాబాయి, అంటే రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్. పెళ్లివారూ మేమే, పురోహితుడూ మేమే అన్నట్టు. సినిమా ఏమో ఒక ఐఏఎస్ అధికారికీ రాజకీయ నాయకుడికీ మధ్య యుద్ధం. ఆ వేదిక మీద టికెట్ల ధరల పెంపు ఎందుకు న్యాయమో ఆయన వివరించారు. ధర పెంచుకోడానికి అనుమతిచ్చే ప్రభుత్వంలో రెండో మనిషి, ధర పెంచుకునే సినిమా వేదిక మీద, పెరిగిన ధర కట్టబోయే కుర్రాళ్లకి వివరించారన్న మాట. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. జేబు కత్తిరించేవాడు కత్తెర పదును గురించి చెబితే ఇంత ముచ్చటగా వినే జనం మరెక్కడా దొరకరు.

అదే రాత్రి ఇంకో మంచి మాట చెప్పారు. హీరోలొచ్చి మాకు నమస్కారాలు పెట్టాలని కోరుకునే మనుషులం కాదు మేము, పనుంటే నిర్మాతలు వస్తే చాలునని. గత ప్రభుత్వానికి చురక. టీవీ ముందు కూర్చున్న నేనూ చప్పట్లు కొట్టాను, దాచుకోవడమెందుకు. అయిదు నెలలు తిరక్కుండా, మే 24న, ఆయన దగ్గర్నుంచే ఒక ప్రకటన వచ్చింది. ప్రభుత్వం ఏర్పడి ఏడాది కావస్తున్నా సినిమావాళ్లు మర్యాదకైనా ముఖ్యమంత్రిని కలవలేదని, ఇచ్చిన రిటర్న్ గిఫ్ట్‌కు కృతజ్ఞతలని. జనవరిలో వద్దన్న నమస్కారాన్ని మేలో అడిగి పుచ్చుకోవడం! వేమగిరి చప్పట్లు వాపసు తీసుకునే కౌంటరు ఉంటే బాగుండేది. థియేటర్ల అద్దెలు, పర్సంటేజీల తగాదా మీద వచ్చింది ఆ కోపమంతా. ఆ తగాదా మొదలైంది కూడా మా తూర్పు గోదావరిలోనేనట, నిర్మాత దిల్ రాజు చెప్పారు. మా జిల్లా నుంచి పూతరేకులే కాదు, ఇలాంటివీ ఎగుమతవుతుంటాయి.

వేమగిరి గురించి ఇంకొకటి చెప్పక తప్పదు, నవ్వుతూ చెప్పేది కాదు. ఆ వేడుక చూసి బైకు మీద ఇంటికి వెళ్తున్న ఇద్దరు కాకినాడ వైపు కుర్రాళ్లు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. నిర్మాత, హీరో, ఉప ముఖ్యమంత్రి ఆ కుటుంబాలకి సాయం ప్రకటించారు. సంతోషం. అయితే ఆ సంతాప ప్రకటనలోనూ ఒక వాక్యం దూరింది, గత అయిదేళ్లూ ఆ ఏడీబీ రోడ్డును పట్టించుకోలేదని. మాట అబద్ధమని నేననను, ఆ రోడ్డు సంగతి నా నడుముకి తెలుసు. పరామర్శకి వెళ్లినవాడు గుమ్మంలో చెప్పులు విడుస్తాడు. గత ప్రభుత్వాన్ని కూడా అక్కడే విడిచి లోపలికి వెళ్లాల్సింది.

ఇక మేకల సంగతి. మా తాడేపల్లిగూడెం మనిషే, నటుడు పృథ్వీరాజ్. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గొంతు చించుకుని, తిరుమల వారి భక్తి చానెల్ ఎస్వీబీసీకి చైర్మనై, కొన్ని నెలలకే దిగిపోయి, 2024 నాటికి జనసేన కండువా కప్పుకున్నవారు. 2025 ఫిబ్రవరి 9న హైదరాబాదులో 'లైలా' వేడుకలో మైకు ఆయన చేతికొచ్చింది. సినిమాలో తన పాత్రకి మేకలున్నాయట. మొదట నూట యాభై, చివరికి లెక్కపెడితే పదకొండు. 2019లో 151 సీట్లు, 2024లో 11 సీట్లు వచ్చిన పార్టీ ఏదో మేకలకీ తెలుసు. ఆ సమయానికి ముఖ్య అతిథి చిరంజీవిని ఎదుర్కొని తీసుకురావడానికి బయటికెళ్లాం, ఏం మాట్లాడారో మాకు తెలీదన్నారు హీరో విష్వక్ సేన్. మర్నాడే నిర్మాతతో కలిసి కూర్చుని క్షమాపణ చెప్పాల్సొచ్చింది. సినిమాని బహిష్కరించాలని అప్పటికే సోషల్ మీడియా హోరెత్తిపోతోంది. తర్వాత పృథ్వీరాజ్ కూడా క్షమాపణ చెప్పారు. విడుదలయ్యాక 'లైలా' దానంతటదే పడుకుంది, ఆ పాపం మేకలది కాదు. నేనడిగేది వేరు. జోకు వేసిందొకరు, చేతులు జోడించింది ఇంకొకరు. అద్దె హాలు నిర్మాతది, కరెంటు నిర్మాతది, మైకు నిర్మాతది, తిట్లూ నిర్మాతకే. సొంత డబ్బుతో ఒక వీధి చివర గుడారం వేసి అదే మేకల కథ చెప్పి ఉంటే పట్టుమని పదకొండు మంది వచ్చేవారా?

ఎప్పుడూ ఇదే వరస. 2021 సెప్టెంబరు 25న 'రిపబ్లిక్' వేడుక. హీరో సాయి ధరమ్ తేజ్ బైకు ప్రమాదమై ఆస్పత్రిలో ఉన్నాడు. అతని బదులు మేనమామ పవన్ కల్యాణ్ వచ్చారు. కుర్రాడు కోలుకోవాలి, సినిమా ఆడాలి అని చెప్పి దిగిపోయే సందర్భం. వేదిక మీద ఆ రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో టికెట్లమ్మే ఆలోచనకి ఉరి పడింది, మంత్రి పేర్ని నాని 'సన్నాసి' అయ్యారు. మంత్రిగారూ వడ్డీతో సహా తిప్పికొట్టారు. మరి ఆ తర్వాత బందరు వెళ్లిందెవరు? దిల్ రాజూ మరికొందరు నిర్మాతలూ. నాలుగు రోజుల్లో మంత్రిగారి ఊరెళ్లి, ఆ మాటలకీ మాకూ సంబంధం లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఫిల్మ్ చాంబరు కూడా ఒక ప్రకటన రాసుకుంది. ఆస్పత్రి మంచం మీదున్న హీరో గురించి ఆ వారం రోజుల్లో ఎంతమంది అడిగారో నాకు గుర్తు లేదు.

2023 ఆగస్టులో 'వాల్తేరు వీరయ్య' రెండు వందల రోజుల పండగలో చిరంజీవి కూడా, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలా సినిమావాళ్ల మీద పడకుండా హోదా, ప్రాజెక్టులు, రోడ్లు, ఉద్యోగాలు చూసుకోండని ప్రభుత్వానికి సలహా ఇచ్చారు. ఆ సలహా వెనక కథ ఏమిటంటే, అంతకు ముందే 'బ్రో' సినిమాలో ఒక పాత్ర వేసిన చిందు, మంత్రి అంబటి రాంబాబు సంక్రాంతి చిందులా ఉందని పెద్ద రగడ. సలహా ఇచ్చిన పిచ్చుక సొంతంగా పార్టీ పెట్టి, 2009లో పద్దెనిమిది సీట్లు గెలిచి, సొంత జిల్లా పాలకొల్లులో ఓడిపోయి, ఆ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసి, కేంద్ర మంత్రి కూడా అయిన పిచ్చుక అన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

సినిమా వేడుకల్లో శాసనసభ నడిపితే శాసనసభ ఖాళీగా ఉండదు కదా. అక్కడ సినిమా నడుస్తుంది. 'రిపబ్లిక్' ప్రసంగానికి సరిగ్గా నాలుగేళ్లు నిండిన రోజున, 2025 సెప్టెంబరు 25న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో చర్చ ఏమిటనుకున్నారు? అప్పట్లో జగన్ ఇంటికి సినిమావాళ్లు వెళ్లినప్పుడు ఎవరు గట్టిగా అడిగితే ఎవరు కలిశారన్నది. మా కొల్లేటి గట్టు కైకలూరు ఎమ్మెల్యే కామినేని శ్రీనివాస్ చిరంజీవి గట్టిగా అడగబట్టే అన్నారు. హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ లేచి ఎవరూ గట్టిగా అడగలేదన్నారు. సినిమావాళ్ల ఆహ్వాన జాబితాలో తన పేరు తొమ్మిదో చోట వేశారని కూడా కోప్పడ్డారు. దానికి చిరంజీవి ఉత్తరం రాశారు. ఒక పక్క ధాన్యం, ఆక్వా, కాలవల పూడిక అని ప్రశ్నలు రాసుకొచ్చిన ఎమ్మెల్యేలు ఎవరైనా ఉంటే, ఆ వేళ వాళ్లకి మంచి సినిమా చూపించారు.

'కళాకారుడికి అభిప్రాయం ఉండకూడదా?' అని ఒక మిత్రుడు నన్ను దులిపేశాడు. ఉండాలండీ, నిక్షేపంగా ఉండాలి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వస్తే ఆయన ప్రసంగాన్ని తెలుగు చేస్తూ చిలకమర్తి లక్ష్మీనరసింహం అక్కడికక్కడే పద్యం చెప్పారు, అది ఊరూరా పాకింది. అది రాజకీయ సభ, జనం రాజకీయం వినడానికే వచ్చారు. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరల మీద పాట కట్టి వీధుల్లో పాడి 1922లో జైలుకెళ్లారు. కలెక్టరు బ్రాకెన్ ఆయన్ని పిలిపించి పాట పాడించుకుని, తెలుగు రాకపోయినా జనాన్ని ఇది ఎలా రేపుతుందో అర్థమవుతోందన్నాడని చెప్పుకుంటారు. గరిమెళ్ల పాట ఖరీదు గరిమెళ్లే కట్టుకున్నారు. ఆయనున్న రాజమండ్రి జైలు ఏ నిర్మాతా కట్టలేదు. ఆ లెక్కన చూస్తే 2023 సెప్టెంబరు 14న అదే జైల్లో చంద్రబాబును చూసి, బయటికొచ్చి గేటు ముందే పొత్తు ప్రకటించిన పవన్ కల్యాణ్‌ను నేను తప్పుపట్టను. అది రాజకీయం మాట్లాడాల్సిన చోటే. విలేకరులున్నారు, ప్రశ్నలున్నాయి, ఓడిపోతే తన పార్టీయే ఓడుతుంది.

నా గొడవంతా ఆ ప్రశ్నల గురించే. మనవాళ్లు అభిప్రాయం చెప్పడానికి ఏ చోటు ఎంచుకుంటారో గమనించండి. ఎదురుగా పది వేల మంది అభిమానులుంటారు, యాంకరు పొగడ్త చీటీ పట్టుకుని పక్కనుంటుంది, దర్శకుడు కళ్లు తుడుచుకుంటుంటాడు. అక్కడ 'అదేంటండీ, జనవరిలో ఇలా అన్నారు కదా' అనగలిగే ప్రాణి ఉండదు. ప్రెస్‌మీట్లో అడిగితే మాత్రం 'సినిమా గురించే అడగండి' అంటారు! 1978 ఆస్కార్ వేదిక మీద వెనెసా రెడ్‌గ్రేవ్ రాజకీయం మాట్లాడింది, అదే రాత్రి అదే వేదికెక్కి పాడీ చయెఫ్‌స్కీ అనే రచయిత అందరి ముందూ ఆమెను తప్పుపట్టాడు. ఎవరిది ఒప్పన్నది వదిలేయండి. మన వేడుకలో అలా ఒక సంభాషణల రచయిత లేచి 'అయ్యా, మీరు చెప్పింది తప్పండీ' అన్నాడనుకోండి. వచ్చే సినిమా సంగతి తర్వాత, ఆ రాత్రి పార్కింగ్ దాకా క్షేమంగా చేరాలి.

చోటు తప్పిన మాట ఏం చేస్తుందో మా బాబాయి తోటలో చూశాను. రాజోలు వైపు, శంకరగుప్తం డ్రైను కింద రెండెకరాల కొబ్బరి ఆయనది. సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీరు డ్రైనులో పైకి ఎగదన్ని తోటల్లోకి వస్తుంది, వెనక్కి పోయే దారి పూడుకుపోయి అక్కడే నిలుస్తుంది. ముందు పిందె రాలుతుంది. తర్వాత మట్టలు వేలాడతాయి. ఆఖరికి మొవ్వు కుళ్లి తల ఊడిపోతుంది, మాను మాత్రం నిలబడే ఉంటుంది. తోటలోకి వెళ్తే వరసగా కరెంటు స్తంభాలు పాతినట్టుంటుంది, తీగలు లేవంతే. దింపువాళ్లు రావడం మానేశారు.

2025 నవంబరు 26న ఉప ముఖ్యమంత్రి ఆ తోటలు చూడటానికి వచ్చారు. నిజం చెప్పాలి, చూడటానికే వచ్చారు, ఎండిన చెట్ల మధ్య తిరిగారు, డ్రైను బాగుచేయిస్తామన్నారు. 2019లో రాష్ట్రం మొత్తం మీద జనసేనకి ఒక్క సీటిచ్చింది కూడా రాజోలే, ఆ ఋణమూ ఉంది. అంతవరకూ బాగుంది. ఆపైన 'కానీ' లాంటిదేదో వచ్చి, కోనసీమ పచ్చదనం మీద తెలంగాణ నాయకుల దిష్టి తగిలిందనే మాట దొర్లింది.

దిష్టి తియ్యాలంటే గుప్పెడు ఉప్పు కావాలని మా ఇళ్లల్లో పసిపిల్లకైనా తెలుసు. ఇక్కడ చెట్టు చచ్చిందే ఉప్పు వల్ల. ఇంకా ఎంత ఉప్పు తిప్పి పొయ్యమంటారు?

అంతే, డ్రైను మాయమైపోయింది. తెలంగాణ నాయకులు భగ్గుమన్నారు. డిసెంబరు 2న వాళ్ల సినిమాటోగ్రఫీ మంత్రి కోమటిరెడ్డి వెంకటరెడ్డి, క్షమాపణ చెప్పకపోతే పవన్ కల్యాణ్ సినిమాలు మా రాష్ట్రంలో ఆడవన్నారు. చెట్టుకి దిష్టి, దిష్టికి సినిమా. మాటలు వక్రీకరించారని జనసేన ప్రకటన ఇచ్చింది. ఆ సాయంత్రం బాబాయి ఇంట్లో టీవీ పెడితే నాలుగు కిటికీల్లో నలుగురు అరుస్తున్నారు. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. నేను గంటసేపు కూర్చున్నాను, ఒక్కసారైనా శంకరగుప్తం అంటారేమోనని.

పౌర్ణమి రెండ్రోజులుంది. బాబాయి లుంగీ ఎగ్గట్టి, టార్చిలైటు పట్టుకుని తోటలోకి వెళ్లాడు. తిరిగొచ్చి పంపు దగ్గర మోకాళ్ల దాకా బురద కడుక్కుంటుంటే, "ఎంతవరకొచ్చింది బాబాయ్?" అన్నాను.

"మూడో వరస దాటేసింది" అన్నాడు. కాళ్లు తుడుచుకుంటూ టీవీ వైపు తల ఎగరేశాడు. "మన డ్రైను గురించేవన్నా చెప్పారేటి?"

"లేదు బాబాయ్. సినిమాలు ఆడనిస్తారా లేదా అని మాట్లాడుకుంటున్నారు."

"ఏ సినిమా?" అన్నాడు.